సేద్యం తెలిస్తే చాలదు, సభ తెలియాలి

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఏ ఎమ్మెల్యే పరిచయపత్రం తీసినా మొదటి వాక్యంలోనే "రైతు కుటుంబంలో పుట్టారు" అని ఉంటుంది. చాలామంది విషయంలో అది నిజమే. నా పేచీ అంతా ఆ మాట ఎన్నికల కరపత్రం దగ్గరే ఆగిపోవడంతో. మెట్ట సేద్యం చేసినవాడికి తెలిసిన సంగతులు కొన్ని సచివాలయంలో ఏ ఫైలులోనూ దొరకవు. అవి ప్రశ్నగానో, సవరణగానో, పద్దు మీద కోత తీర్మానంగానో (అడిగిన డబ్బులో కొంత తగ్గించమనే తీర్మానం) మారితేనే సభలో బలం అవుతాయి. ఆ మార్చే పని నేర్చుకున్న రైతు నాయకుడవుతాడు. నేర్చుకోనివాడు ఐదేళ్లు పచ్చకండువానో మరో కండువానో వేసుకుని, ట్రాక్టర్ మీద ఫొటో దిగి ఇంటికొస్తాడు.

ఈ మాటకు రుజువు మా జిల్లాలోనే ఉంది. నీలం సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో సేద్యపు కుటుంబంలో పుట్టారు. 1929లో గాంధీ అనంతపురం వచ్చారు. రెండేళ్లకు, 1931లో, ఆ యువకుడు కాలేజీ చదువు వదిలేశారు. డిగ్రీ లేదు, వకీలు పట్టా లేదు. ఆ రోజుల్లో మద్రాసు శాసనసభలో పెద్దలంతా వకీళ్లు, జమీందార్లు. అలాంటి చోట ఈ రైతు ఎలా నిలబడ్డారన్నది అసలు ప్రశ్న.

జవాబు ఆయన ఉపన్యాసాల్లో వెతికితే దొరకదు. 1938 నుంచి దాదాపు పదేళ్లు ఆంధ్ర ప్రొవిన్షియల్ కాంగ్రెస్ కమిటీకి కార్యదర్శిగా ఉన్నారు. కార్యదర్శి అంటే ఎవరు ఏ తాలూకాలో ఎంత బలం, ఎవరు ఎవరితో మాట్లాడరు, సమావేశానికి నోటీసు ఎప్పుడు వెళ్లాలి, తీర్మానంలో ఏ పదం పెడితే ఎవరు లేచిపోతారు అనేవి చూసుకునే పని. నాగలి పట్టినవాడికి ఇది విసుగు పుట్టించే పని. ఆయన దాన్నే బడి చేసుకున్నారు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైల్లోనే గడిచింది. ఇప్పటి మహారాష్ట్రలోని అమరావతి జైల్లో ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి తోడు. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడే కాంగ్రెస్ శాసనసభాపక్షానికి కార్యదర్శి. 1949 నుంచి 1951 దాకా మద్య నిషేధం, గృహనిర్మాణం, అడవుల మంత్రి. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీపడి ఎన్.జి. రంగాను ఓడించారు. రంగా అంటే అప్పటికే దేశమంతా ఎరిగిన రైతు నాయకుడు. రైతుల గొంతుగా పేరున్న పెద్దమనిషి మీద, పార్టీ యంత్రాంగం తెలిసిన రైతు గెలిచాడు. ఈ ఒక్క ఎన్నిక నా వాదనలో సగం.

మిగతా సగం 1952. అనంతపురంలో సంజీవరెడ్డిని ఓడించింది కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. బంధుత్వంలో ఇద్దరూ బావాబావమరదులు. ఇద్దరివీ భూములున్న ఇళ్లే. ఇద్దరూ కరువు చూసినవాళ్లే. తర్వాత నాగిరెడ్డి లోక్‌సభకు, మళ్లీ రాష్ట్ర శాసనసభకు వెళ్లారు. చివరికి ఈ సభల వల్ల కూలీకి, పేద రైతుకు ఒరిగేదేమీ లేదని తేల్చుకుని 1969లో శాసనసభ్యత్వం వదులుకున్నారు. ఆయన తీర్పుతో నేను ఏకీభవించను. అయినా అది లోపల కూర్చుని, పద్దులు చదివి, ప్రశ్నలు వేసి చేరిన నిర్ణయం కాబట్టి గౌరవిస్తాను. సభను వాడుకోవడం చేతకాక సభను తిట్టేవాళ్ల మాట వేరు.

ఇక సంఖ్యల సంగతి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్య నిషేధం వివాదంలో ఆ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభానాయకత్వం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఘటన మన దగ్గర లేదు. ఉదయం ఎవరు సభకు వచ్చారు, ఎవరు జ్వరమని పడుకున్నారు, ఎవరు గోడ మీద ఉన్నారు అనేది ఓటింగు గంట మోగేలోపు తెలిసుండాలి. విప్ చేసే పని అదే. 1985లో రాజ్యాంగంలోకి ఫిరాయింపులను నిషేధించే పదో షెడ్యూలు వచ్చాక విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది కాబట్టి లెక్క సులువైందనుకుంటారు. నిజానికి సభ్యుడు తన ప్రాంతం కోసం లోపల బేరమాడే శక్తే తగ్గిపోయింది. అందువల్ల ఈనాటి రైతు ఎమ్మెల్యే తన మాట చెల్లించుకోవాల్సిన చోటు ఓటింగు కంటే ముందే, శాసనసభాపక్ష సమావేశంలోనూ కమిటీల్లోనూ ఉంది.

1956 నవంబరు 1న సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1959 నవంబరు 1న రాష్ట్రంలో మూడంచెల పంచాయతీరాజ్ మొదలైంది. రాజస్థాన్ తర్వాత మనమే. రైతులు నాయకులుగా ఎదిగే దారి విషయంలో ఆయన పాలనలో జరిగిన పెద్ద పని ఇదేనని నా అభిప్రాయం. పంచాయతీ సమితిలో కూర్చున్న రైతుకు మొదటిసారి పద్దు చేతికొచ్చింది. మంజూరైన డబ్బు ఎంత, ఖర్చైంది ఎంత, మార్చి 31కి మురిగిపోయింది ఎంత అనే మూడు అంకెలు చదవడం అక్కడే అలవాటైంది. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు కూడా అలాంటి బడే కావాల్సింది. కాలువ చివరి రైతుకు వంతు ఎప్పుడు, పూడికతీతకు ఎంత, ఆ డబ్బు ఎవరి సంతకంతో కదులుతుంది అనేవి నేర్పే చోటు అది. ఎన్నికలు సక్రమంగా జరగక ఆ బడి మూతబడుతూ తెరుచుకుంటూ వచ్చింది.

సంజీవరెడ్డి రెండోసారి 1962లో డోన్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్లు తిరగకుండా 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. కారణం కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ. రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయడానికే పశ్చిమ కర్నూలు రూట్లను వరుస తప్పించి ముందుకు తెచ్చారని ఆపరేటర్లు కోర్టుకెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరోపణ ముఖ్యమంత్రి మీద ఉంటే, దాన్ని కాదంటూ ఆయన స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఖండించని ఆరోపణను కోర్టు పరిగణనలోకి తీసుకుని ఆ స్కీములను కొట్టేసింది. పాలన నడిపేవాళ్లు ఈ కేసును చదువుకోవాలి. ఇక్కడ జరిగిన లోపం చాలా చిన్నది, కాగితానికి సంబంధించినది: జవాబు చెప్పాల్సిన మనిషి సంతకంతో జవాబు దాఖలు కాలేదు. పొలంలో అదును తప్పితే పంట పోయినట్టే, కోర్టులోనూ సభలోనూ గడువు తప్పితే న్యాయం ఎవరి వైపున్నా పోతుంది. కోర్టు రాజీనామా చేయమనలేదు. ఆయన చేశారు. ఈనాడు అలాంటిది ఊహించడం కష్టం.

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరయ్యాక పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో ఓడి, అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నారు. 1975లో మళ్లీ రాజకీయాల్లోకి. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఆ ఒక్కటి ఆయన గెలిచిన నంద్యాల. మళ్లీ స్పీకరు, కొన్ని నెలలకే పోటీ లేకుండా రాష్ట్రపతి. రాష్ట్ర శాసనసభ స్పీకరు కుర్చీలో మన సీమవాళ్లు మరికొందరు కూర్చున్నారు: 1962 నుంచి బి.వి. సుబ్బారెడ్డి, 1972 నుంచి పిడతల రంగారెడ్డి. స్పీకరు మొదట ఓటేయరు, రెండు వైపులా సమానమైతేనే వేస్తారు. ఆయన్ను తొలగించాలంటే 14 రోజుల ముందు నోటీసు, అప్పటి మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి. ఈ కుర్చీకి రాజ్యాంగం ఇంత రక్షణ ఇచ్చిందంటే కూర్చున్న మనిషి పార్టీని బయట వదిలి రావాలనే. సంజీవరెడ్డి వదిలారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. సేద్యం తెలియడం వల్ల సభలో ఏం ఒరుగుతుంది?

వేరుశనగనే చూడండి. జూన్ చివర, జూలైలో పదునైతే విత్తుతారు. ఇరవై అయిదు, ముప్పై రోజులకు పూత. నలభై, నలభై అయిదు రోజులకు ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగాలి. ఊడ దిగాలంటే పైమట్టి మెత్తగా, తేమగా ఉండాలి. అందుకే తొలి పూతకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోస్తారు. సరిగ్గా ఆ అదునులో, ఆగస్టులో, మూడు వారాలు చినుకు లేకపోతే ఎర్రనేల గట్టిపడుతుంది. ఊడ కొన నేలను తాకి అక్కడే ఎండిపోతుంది. సెప్టెంబరు చివర రెండు మంచి వానలు పడ్డాయనుకోండి, చెట్టు మళ్లీ ఏపుగా లేస్తుంది, ఆకు నిగనిగలాడుతుంది. గట్టు మీద నిలబడితే పైరు బాగుందనిపిస్తుంది. చెట్టు పీకి వేర్ల మట్టి దులిపితే రెండు గట్టి కాయలు, నాలుగు లొట్ట కాయలు. కొత్తగా దిగిన ఊడలు తెల్లగా దారాల్లా వేలాడుతుంటాయి. పంటకాలం నూట పది రోజులు. ఆ ఊడల్లో గింజ గట్టిపడే లోపు చెట్టు అయిపోతుంది.

ఇప్పుడు కరువు ప్రకటన ఎలా జరుగుతుందో చూడండి. కేంద్రం 2016 మాన్యువల్ ప్రకారం ముందు వాన లోటు, చినుకు లేని వారాలు చూస్తారు. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలం లెక్కిస్తారు. ఆ పైన పది శాతం గ్రామాల్లో పొలం దిగి నిర్ధారించుకోవాలి. ఖరీఫ్‌కు గడువు అక్టోబరు 30. సెప్టెంబరు చివర వాన పడిన ఏడాది ఉపగ్రహానికి అనంతపురం పచ్చగా కనిపిస్తుంది. ఊడ దిగలేదన్న సంగతి దానికి తెలియదు. గడువు ముగిసే వేళకు చాలా పొలాల్లో చెట్టు ఇంకా పీకి ఉండరు. ఈ గొలుసులో ఎక్కడ తెగుతుందో రైతు ఒక్క నిమిషంలో చెప్పగలడు. దాన్ని సభలో ఎలా అడగాలో తెలిసినవాడు తక్కువ.

మామూలుగా వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "అనంతపురం జిల్లాలో రైతులు తీవ్ర ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా? అయితే ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" జవాబు "లేదండి. ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రెండు ముక్కల్లో వస్తుంది. ప్రశ్న చచ్చిపోతుంది. ఇదే సంగతి ఇలా అడగాలి: ఫలానా మండలంలో ఆగస్టులో వరుసగా ఎన్ని రోజులు వాన లేదు? క్షేత్ర నిర్ధారణకు ఎంపిక చేసిన గ్రామాలేవి? ఆ గ్రామాల్లో ఏ తేదీన, ఏ సర్వే నంబరులో చెట్లు పీకి కాయలు లెక్కపెట్టారు? ఒక్కో చెట్టుకు సగటున గట్టి కాయలెన్ని? ఈ ప్రశ్నలకు "లేదండి" అని రాయలేరు. అంకె ఇవ్వాలి, లేదా పీకలేదని ఒప్పుకోవాలి. అనుబంధ ప్రశ్నకు అప్పుడు చోటు దొరుకుతుంది. జాబితాలో కిందపడి ప్రశ్న సభలో రాకపోయినా లిఖిత జవాబు మిగులుతుంది. అది పట్టుకుని 74వ నిబంధన కింద మంత్రి దృష్టికి తేవచ్చు, 344 కింద స్వల్పకాలిక చర్చ అడగొచ్చు. జీరో అవర్‌లో గొంతు చించుకుంటే టీవీలో పది క్షణాలు వస్తుంది, ఫైలు కదలదు.

ఇంత పట్టు ఎందుకంటే డబ్బు లెక్క అక్కడే తేలుతుంది. విపత్తు నిధి నియమాల్లో పంట నష్టం 33 శాతం దాటితేనే సాయం. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు మూడు వేల నాలుగు వందల చిల్లర. విత్తనం, దుక్కి కలిపితేనే అది దాటిపోతుంది. ఆ కాస్తయినా రావాలంటే నష్టం 33 దాటిందని కాగితం మీద పడాలి.

బీమాలో చిక్కు ఇంకా లోతు. కేంద్రం పంట బీమా పథకమైన ఫసల్ బీమాలో హామీ దిగుబడిని (పంట దీనికంటే తగ్గితేనే పరిహారం) గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు నుంచి తీస్తారు. కోనసీమ వరికి ఇది సరిపోతుంది. వరుస కరువులు తిన్న మండలంలో ఆ ఐదేళ్లలోనే మూడు చెడ్డ ఏళ్లుంటాయి. సగటు ఎంత పడిపోతుందంటే, ఈ ఏటి చెడ్డ పంట కూడా దాని కంటే మెరుగ్గా కనిపిస్తుంది. పరిహారం రాదు. దీనికి తోడు పంటకోత ప్రయోగం (దిగుబడి లెక్కకు కొన్ని పొలాల్లో కోసి తూచడం) బోరు కింద సాగైన పొలంలో పడితే ఊరంతటి సగటూ పైకి లేస్తుంది. యూనిట్, అంటే సగటు లెక్కకట్టే ప్రాంతం, మండలమైతే ఈ దెబ్బ ఇంకా పెద్దది. కాబట్టి అడగాల్సింది "బీమా ఎప్పుడిస్తారు" అని కాదు. ఏ ఏళ్ల దిగుబడులు తీసుకున్నారు, ప్రయోగం చేసిన పొలాల్లో నీటి వసతి ఉన్నవెన్ని, వర్షాధారం ఎన్ని? యూనిట్ ఏది, పరిహార హామీ స్థాయి (సగటు దిగుబడిలో ఎంత వంతుకు హామీ అన్నది) 70 శాతమా, 80నా, 90నా అన్నది ప్రభుత్వం సీజను ముందే నోటిఫికేషన్‌లో నిర్ణయిస్తుంది. పంట పోయాక అరిచి లాభం లేదు. ఈ పోరు ఏప్రిల్, మే నెలల్లో జరగాలి.

నీళ్ల ప్రశ్న కూడా అంతే. తుంగభద్ర ఎగువ కాలువలో మన వాటా కాగితం మీద 32.5 టీఎంసీలు. డ్యాములో పూడిక పెరిగి 133 టీఎంసీల నిల్వ దాదాపు 105కి దిగాక ఆ వాటా దామాషాలో కోతపడుతూ వస్తోంది. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకానికి 40 టీఎంసీలు, ఆరు లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు అని ప్రతి ప్రసంగంలోనూ వింటాం. ప్రధాన కాలువ పొడవు అడగడం వృథా. పిల్లకాలువలు ఎన్ని కిలోమీటర్లు తవ్వారు, ఏ తూము కింద ఎన్ని ఎకరాలకు పోయిన సీజనులో నీళ్లిచ్చారు అని మండలాలవారీగా అడిగితేనే చెరువులు నింపడానికీ పొలం తడపడానికీ ఉన్న తేడా రికార్డుకెక్కుతుంది.

బడ్జెట్ పుస్తకం తెరిచే ఎమ్మెల్యేలు ఎందరో నాకు అనుమానమే. అందులో పక్కపక్కనే బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు ఉంటాయి. మొదటి అంకె పత్రికలకు వెళ్తుంది. మూడోది ఎవరూ చదవరు, నిజం మాత్రం అందులోనే ఉంది. సూక్ష్మసేద్యం పద్దులో ఆ మూడూ పక్కపక్కన రాసుకుని, వంద రూపాయల కోత తీర్మానం ఇస్తే చాలు. ఆ వంద రూపాయలు నామమాత్రం. ఆ ఫిర్యాదు మీద మంత్రి లేచి మాట్లాడాల్సి రావడమే ప్రయోజనం. చాలా పద్దులు చివరిరోజు చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టే గిలెటిన్‌లో పోతాయి కనుక వ్యవసాయ పద్దు ముందు రోజుల్లో చర్చకొచ్చేలా సభా వ్యవహారాల సలహా సంఘంలో పట్టుబట్టాలి. మంత్రి "పరిశీలిస్తాం, చర్యలు తీసుకుంటాం" అన్నది హామీ అవుతుంది. దాన్ని వెంటాడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. రైతు ఎమ్మెల్యే కోరి చేరాల్సిన కమిటీల్లో దాన్ని నేను మొదట పెడతాను. ఆ తర్వాతే ప్రజాపద్దుల కమిటీ.

చివరిగా ఒక చేదు సంగతి. సభలో "రైతు" అనిపించుకునేవాళ్లలో ఎక్కువమంది భూయజమానులు. ఇల్లూరైనా తరిమెలైనా భూమి ఉన్న ఇళ్లే. కర్నూలు పక్కన పెద్దపాడులో భూమి లేని దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960 జనవరి 11న ముఖ్యమంత్రి కావడం ఇప్పటికీ మినహాయింపుగానే మిగిలింది. ఎవరు కూర్చున్నారన్నది చట్టం రాసే పదాల్లో కనిపిస్తుంది. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం తప్పనిసరి అనలేదు. 2019లో దాని స్థానంలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలంది. కార్డు వల్ల భూమి హక్కుకు ఢోకా లేదని అదే చట్టం చెబుతున్నా, చాలామంది యజమానులు సంతకం పెట్టరు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట నమోదు కౌలుదారు పేరున ఎక్కదు, పెట్టుబడి పోగొట్టుకున్నవాడికి నష్టపరిహారం రాదు. వచ్చింది యజమాని ఖాతాలో పడుతుంది.

సవరణకు పెద్ద కసరత్తు అక్కర్లేదు. యజమాని సంతకం లేనిచోట గ్రామసభలో విచారించి, ఇరుగుపొరుగు పొలాల రైతుల వాంగ్మూలంతో, పంట నమోదు సమయంలోనే సాగుదారు పేరు ఎక్కించి కార్డు ఇవ్వాలి. యజమానికి అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజులు, తహసీల్దారు తేల్చడానికి మరో పదిహేను. నెల రోజుల్లో పని ముగుస్తుంది. ఖజానా నుంచి కొత్తగా ఖర్చేమీ లేదు కాబట్టి గవర్నరు సిఫారసు కూడా అవసరం పడదు. మంత్రి కాని ఏ సభ్యుడైనా అనధికార బిల్లుగా దీనికి నోటీసు ఇవ్వొచ్చు.